ఖానా లేని మాట

మన చెన్నపట్నం తెలుగు మాటల్ని ఒకచోట చేర్చాలని మనవాళ్ళలో కొందరు కుర్రాళ్ళు డేటాబేస్ ఒకటి కట్టి ఏడాది దాటింది. అందులోకి నా మూడు నోటుపుస్తకాలు కూడా ఎక్కాయి. ఈమధ్య ఒక మధ్యాహ్నం ఏమీ తోచక 'ఎనుము' అని కొట్టి చూశాను. మాట వచ్చింది. గేదె అని అర్థం వచ్చింది. మా పెద్దమ్మ అన్న వాక్యం కూడా వచ్చింది. కానీ ఆ మాట చెప్పింది మా పెద్దమ్మ అని ఎక్కడా లేదు. ఏ ఊరి మనిషి, ఎవరితో మాట్లాడుతూ అన్నది, ఏ సంవత్సరంలో నేను రాసుకున్నాను, ఇవన్నీ నేను పుస్తకంలో కుడి మార్జిన్‌లో ఎర్ర ఇంకుతో రాసి పెట్టుకున్నవి. ఒక్కటీ లేదు. ఇంకో పది మాటలు చూశాను. అదే వరస.

బ్యాంకులో ముప్పై నాలుగేళ్ళు పనిచేసిన వాడిని. ఒక్క ఎంట్రీ తప్పు పడితే అది మనిషి పొరపాటు. పది ఎంట్రీలు ఒకే రకంగా తప్పు పడితే అది ఫారం పొరపాటు. అందుకని ఆ ఫారం చూపించమని అడిగాను. మా మేనల్లుడు ఓఎంఆర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఉన్నాడు. ఆదివారం ఇంటికొచ్చి లాప్‌టాప్ తెరిచి, "మామా, ఇదే మీరడిగిన ఫారం, దీన్నే స్కీమా అంటారు" అన్నాడు. జావాస్క్రిప్ట్‌లో రాసిన నలభై పంక్తుల చిన్న ఫైలు. రెండు ఆదివారాలు కూర్చుని పంక్తి పంక్తీ చదివించుకున్నాను. ఈ వ్యాసం ఆ నలభై పంక్తుల మీద సమీక్ష.

పుస్తకాన్ని సమీక్షిస్తారు, సినిమాను సమీక్షిస్తారు, ఇదేమిటి అని కొందరికి అనిపించవచ్చు. నిఘంటువు గురించి మాట్లాడేటప్పుడు మనం ముందు పీఠిక చదువుతాం గదా. ఏ మాటలు తీసుకున్నారు, ఏవి వదిలారు, ఏ గుర్తుకు ఏమి అర్థం అన్నది అక్కడే ఉంటుంది. ఈ కాలపు నిఘంటువుకు పీఠిక ఈ స్కీమానే. తేడా ఏమిటంటే అచ్చుపుస్తకం పీఠిక నచ్చకపోతే తిట్టుకుంటూ చదువుతాం. దీన్ని చదివేవాడే లేడు.

ముందు సంగతి తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. వీళ్ళు వాడింది మాంగోడీబీ అనే డేటాబేస్. 2009లో బయటికొచ్చింది. మన పాత లెడ్జరులాగా ప్రతి వరుసకూ అవే కాలమ్‌లు ఉండాలన్న నియమం దానికి లేదు. ఒక్కో మాటకు ఒక్కో కాగితం అనుకోండి. దాన్ని వాళ్ళు డాక్యుమెంట్ అంటారు. ఒక కాగితంలో నాలుగు ఖానాలుండవచ్చు, పక్కదానిలో పది ఉండవచ్చు, ఒక ఖానాలో మళ్ళీ చిన్న పట్టిక ఉండవచ్చు. మాండలిక పదాలకు ఇంతకంటే అనువైన సరంజామా లేదనే చెప్తాను. ఎందుకంటే ఒక మాటకు ఒక్క అర్థం, ఇంకో మాటకు ఏడు రూపాలు. అయితే ఇంత స్వేచ్ఛ ఇస్తే గందరగోళమని ప్రోగ్రామర్లు దాని ముందు మాంగూస్ అనే కాపలావాణ్ణి కూర్చోబెడతారు. ఏ ఖానాలుండాలి, ఒక్కోదానిలో అక్షరాలా అంకెలా తేదీయా, ఏది తప్పనిసరి, ఏది కాదు, ఇవి స్కీమాలో రాసిస్తే వాడు దాని ప్రకారం లోపలికి వదులుతాడు. మన అకౌంట్ ఓపెనింగ్ ఫారం, దాన్ని చూసే కౌంటర్ క్లర్కు, రెండూ కలిపి ఒకటే.

ఇక నా ఎర్ర ఇంకు ఏమైంది?

మాంగూస్‌లో 'స్ట్రిక్ట్' అని ఒక ఏర్పాటు ఉంది. ఎవరూ ఏమీ చెప్పకపోతే అది అమల్లోనే ఉంటుంది. స్కీమాలో లేని ఖానా పేరుతో ఏదైనా వస్తే, వాడు దాన్ని పక్కన పడేసి మిగతాది భద్రం చేస్తాడు. ఎర్రర్ రాదు. హెచ్చరిక రాదు. 'సేవ్ అయింది' అనే వస్తుంది. మన కుర్రాళ్ళు మొదట స్కీమా రాసినప్పుడు 'చెప్పినవారు' అనే ఖానా లేదు. ఆరు నెలల తరువాత ఎవరో అడిగితే ఫోనులో నింపే ఫారంలో ఆ ఖానా చేర్చారు. స్కీమాలో చేర్చడం మరిచిపోయారు. అంటే అప్పటినుంచి జనం ఆ ఖానా నింపుతూనే ఉన్నారు, కాపలావాడు పారేస్తూనే ఉన్నాడు.

నిజం చెప్పాలంటే ఇది విని నాకు కోపం రాలేదు, భయం వేసింది. కౌంటర్‌లో ఒక క్లర్కు డిపాజిట్ స్లిప్పు తీసుకుని, తనకు అర్థంకాని కాగితాన్ని బల్ల కింద బుట్టలో వేసి, కస్టమర్‌కు ముద్ర కొట్టి రసీదు ఇచ్చాడనుకోండి. ఏ బ్యాంకులోనూ వాడు సాయంత్రం దాకా ఉద్యోగంలో ఉండడు. ఇక్కడ అదే పద్ధతి సాఫ్ట్‌వేర్‌లో మామూలు ఏర్పాటు. పోనీ దారి లేదా అంటే ఉంది. స్ట్రిక్ట్ దగ్గర 'త్రో' అని ఒక్క మాట రాస్తే, తెలియని ఖానా వచ్చినప్పుడు వాడు ఆగి అరుస్తాడు. మేనల్లుడు చెప్పిన సంగతి ఇది. "ఎందుకు రాయలేదురా" అంటే, "ఎవరూ అరుపులు ఇష్టపడరు మామా" అన్నాడు.

నా సంగతి సరే. నా పుస్తకాలు బీరువాలో ఉన్నాయి, మళ్ళీ ఎక్కించుకోవచ్చు. కానీ పుస్తకం లేకుండా తిన్నగా ఫోనులోనే నింపినవాళ్ళున్నారు. పెరంబూరునుంచి ఒకావిడ తన అత్తగారు చెప్పిన వంటింటి మాటలు అలాగే ఎక్కించారు. ఆ అత్తగారు ఈ సంక్రాంతికి ముందే పోయారు. మాటలున్నాయి. ఎవరి నోట విన్నవో ఆ ముక్క ఎక్కడా లేదు. మాండలిక చరిత్ర అని మనం పేరు పెట్టుకున్నాం. చెప్పిన మనిషి లేని మాండలికపదం చరిత్రకు ఎందుకు పనికొస్తుంది? సంతకం లేని చెక్కు లాంటిది.

రెండో విషయం జిల్లా. ఇక్కడ 'ఎనమ్' అని ఒక సదుపాయం వాడారు. మేనల్లుడు మొదటిసారి ఆ మాట అన్నప్పుడు నేను మళ్ళీ ఎనుము సంగతే మాట్లాడుతున్నాడనుకున్నాను. అది వేరట. ఒక ఖానాలో ఫలానా విలువలే రావాలి, ఇంకేమీ రాకూడదని ముందే జాబితా ఇచ్చేయడం. మన ఫారంలో 'పురుషుడు, స్త్రీ' అని చదరాలు గీసి టిక్కు పెట్టమన్నట్టు. ఈ స్కీమాలో జిల్లా అనే ఖానాకు 59 పేర్ల జాబితా ఇచ్చారు. ఆంధ్రప్రదేశ్‌వి 26, తెలంగాణవి 33. ఎక్కడో దొరికిన పట్టిక తెచ్చి అతికించారన్నమాట. ఖానా తప్పనిసరి కూడా. ఏమీ ఎంచుకోకపోతే డిఫాల్ట్‌గా 'చిత్తూరు' పడుతుంది, దగ్గరగా ఉందని కాబోలు.

ఆగి చూడండి. చెన్నై తెలుగు కోసం కట్టిన డేటాబేస్‌లో చెన్నై లేదు. కొత్వాల్ చావడి పక్కన నాలుగు తరాలుగా ఉన్న కుటుంబం మాట, అంబత్తూరులో మగ్గం నేసినవాళ్ళ మాట, అన్నీ చిత్తూరు జిల్లా ఖాతాలో జమ. 2011 జనాభా లెక్కల్లో తమిళనాడులో తెలుగు మాతృభాష అని రాయించుకున్నవాళ్ళు రమారమి 42 లక్షలమంది. ఆ స్కీమా దృష్టిలో వీళ్ళు చిరునామా నింపడం మరిచిపోయిన జనం.

ఈ తప్పు కుర్రాళ్ళదే అనడం న్యాయం కాదు. పెద్దలు వేసిన దారిలోనే నడిచారు. భద్రిరాజు కృష్ణమూర్తిగారి మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం, వ్యవసాయ పదాలది, 1962లో వచ్చింది. రెండోది చేనేత పదాలు, 1971లో. ఆ పని లేకపోతే తెలుగు మాండలికాల గురించి ఇవాళ మనం మాట్లాడేదానిలో సగం ఊహాగానంగా ఉండేది. తెలుగుకు నాలుగు మండలాలని ఆయన గుర్తించింది ఆ సామగ్రితోనే. కానీ ఆ సర్వే అప్పటి ఆంధ్రప్రదేశ్ జిల్లాలకు సంబంధించినది. రాష్ట్రం సరిహద్దు దగ్గర కలం ఆగింది. ఆ రోజుల్లో అది సబబే, ఎక్కడో ఒకచోట ఆగాలి గదా. మనం మాత్రం ఆ సరిహద్దుకు ఈవల కూర్చుని అదే జాబితా కాపీ కొట్టడం ఏమి తెలివి?

పైగా జిల్లా అనేది మాట ఉండే చోటు కాదు. మా పెద్దమ్మది తిరుత్తణి పక్కన పల్లె. 1938లో పుట్టింది. అప్పుడు అది చిత్తూరు జిల్లా. 1960 ఏప్రిల్ 1న పటాస్కర్ తీర్పు అమలై తిరుత్తణి మద్రాసు రాష్ట్రానికి వచ్చినప్పుడు చెంగల్పట్టు జిల్లా. 1997 నుంచి తిరువళ్ళూరు జిల్లా. ఆవిడ పుట్టకముందు లెక్క కూడా చూస్తే, 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా అది ఉత్తర ఆర్కాటు. ఆ ఇల్లు కదలలేదు. ఆ ఇంట్లో ఎనుము ఎనుముగానే ఉంది, టెంకాయ టెంకాయగానే ఉంది. అటు ఆంధ్రలో అయినా అంతే. సూళ్ళూరుపేట 2022 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లానుంచి తిరుపతి జిల్లాలోకి పోయింది. ఆ మర్నాడు అక్కడి జనం యాస మార్చుకున్నారా? రేపు జిల్లాలు మళ్ళీ మారితే ఈ ఎనమ్ ఏమి చేస్తుంది? జాబితానుంచి ఒక పేరు తీసేస్తే పాత కాగితాల్లో ఆ పేరు అలాగే ఉంటుంది. కానీ ఎవరైనా ఆ కాగితం తెరిచి ఆ ఖానా ముట్టుకుని మళ్ళీ సేవ్ చేయబోతే, పాత పేరు చెల్లదంటుంది. చెల్లని నోట్లలాగా అన్నమాట.

చెన్నైలో అసలు మాట తేడా వచ్చేది జిల్లాతో కాదు, ఇంటితో. పక్కపక్క పోర్షన్లలో ఉన్నవాళ్ళు రెండు తెలుగులు మాట్లాడతారు. ఒకరి తాత నెల్లూరునుంచి ధాన్యం వ్యాపారానికి వచ్చాడు, ఇంకొకరి పెద్దలు నాయకుల కాలంనుంచీ ఇక్కడివాళ్ళు, మూడోవాళ్ళు సినిమాల పుణ్యమా అని కోడంబాకం చేరిన గుంటూరు మనుషులు. కాబట్టి ఒక్క జిల్లా చాలదు. పుట్టిన ఊరు, పెద్దల ఊరు, ఇప్పుడున్న పేట, ఈ మూడూ కావాలి. అది కూడా మనిషి తన నోటితో ఎలా చెప్పారో అలా. 'తిరుత్తణి పక్కన' అంటే తిరుత్తణి పక్కన అనే. ఇప్పటి జిల్లా పేరు వెతకడానికి వీలుగా పక్కన ఇంకో ఖానాలో పెట్టుకోవచ్చు.

జాబితా ఇచ్చి అందులోకి మాటల్ని తోయడం మనకు కొత్త కాదు, అందుకే నాకు దీని మీద ఇంత గుర్రు. ఈ ఊళ్ళోనే, ప్రెసిడెన్సీ కాలేజీ పండితుడు పరవస్తు చిన్నయసూరి 1858లో బాలవ్యాకరణం తెచ్చారు. తెలుగు మాటలన్నీ తత్సమం, తద్భవం, దేశ్యం, గ్రామ్యం అని నాలుగు గదుల్లో సర్దారు. ఇప్పటి భాషలో చెప్పాలంటే నాలుగు విలువల ఎనమ్. మొదటి మూడూ కావ్యానికి పనికొచ్చేవి, నాలుగోది వాడకూడనిది. ఆయన మేధస్సును తక్కువ చేసే స్తోమత నాకు లేదు. ఆ సూత్రాల బిగువు చూస్తే కంపెనీల చట్టం రాసినవాళ్ళు నేర్చుకోవాలనిపిస్తుంది. అయినా ఆయన శ్రీపెరుంబుదూరు మనిషి, ఈ గడ్డ మీదే పెరిగారు. ఆ చుట్టుపక్కల పల్లెల్లో వినబడిన తెలుగు మాటలు ఆ నాలుగో గదిలోకి పోయాయి. 1911లో మద్రాసులో పుట్టిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు వాళ్ళ సూర్యరాయాంధ్ర నిఘంటువు కూడా గ్రంథాల్లో కనబడిన మాటలకే పెద్దపీట వేసింది. ఇదే ఊళ్ళో బ్రౌన్ దొర ఇంకో దారి తొక్కాడు. 1852లో ఆయన తెలుగు ఇంగ్లీషు నిఘంటువు వచ్చింది, జనం వాడుక మాటలతో. కచేరీల్లో, వ్యాపారంలో కలిసిపోయిన ఫారసీ, హిందుస్తానీ, ఇంగ్లీషు మాటలకు 1854లో మిశ్రభాషా నిఘంటువు అని వేరే పుస్తకం వేశాడు. జమ, బాకీ, కిస్తీ, రసీదు అని రోజూ అనుకున్న మాలాంటివాళ్ళ పూర్వీకులకు అక్కడ చోటు దొరికింది. వేరే పుస్తకంలో పెట్టడం నాకు పూర్తిగా నచ్చదు, ఇంట్లో వాళ్ళకు వీధి అరుగు మీద విస్తరి వేసినట్టు. కానీ విస్తరి వేశాడు.

మన స్కీమాలో 'ప్రామాణిక రూపం' అనే ఖానా తప్పనిసరి చేశారు. 'ఎనుము'కు గేదె, 'మడక'కు నాగలి, 'శెనక్కాయ'కు వేరుశెనగ అని నింపితే తప్ప కాగితం లోపలికి పోదు. మన మాట పక్కన కోస్తా మాట ఉంటేనే దానికి గేటు పాసు. ఏ కోస్తా మాటా సరిపోని మన మాటల సంగతి? ఖాళీ వదిలితే ఒప్పుకోదు కాబట్టి జనం చుక్క పెట్టారు. 'తెలీదు' అని రాశారు. ఒకరు విసుగెత్తి మూడు మాటలకు 'అదే' అని రాశారు. తప్పనిసరి అన్న ప్రతి ఖానా అబద్ధాలు పుట్టిస్తుందని మా రోజుల్లో అకౌంట్ ఫారాలు నింపించిన ఎవరినడిగినా చెప్తారు. వార్షికాదాయం ఖానా తప్పనిసరి అని పైనుంచి ఉత్తరువు వచ్చిన ఏడు, మేము పనిచేసిన బ్రాంచిలో సగం వీధి ఆదాయం ఒకటే అంకె.

దీనికంటే లోతైన లోపం ఇంకొకటుంది. ఈ స్కీమాకు మాట అంటే నామవాచకం. వస్తువు, దాని పేరు, దాని బొమ్మ. మాండలికం వస్తువుల పేర్లలో కంటే క్రియల తోకల్లో ఎక్కువ ఉంటుంది. వచ్చాడు, వచ్చినాడు, వచ్చిండు, ఈ మూడు చాలు మనిషి ఏ వైపువాడో చెప్పడానికి. మా పెద్దమ్మ 'వస్తా ఉండాడు' అనేది, 'ఆడ ఉండాది' అనేది. వీటిని ఎక్కించబోతే స్కీమా 'ఉండు' అనే ధాతువు కింద ఒక్క కాగితంలోకి తోసేసి, ప్రామాణిక రూపం 'ఉంది' అని అడుగుతుంది. అక్కడితో కథ సరి. కృష్ణమూర్తిగారి కోశం వృత్తిపదాలది కాబట్టి పేర్లే ఎక్కువ ఉండటంలో అర్థముంది. మనం మొత్తం మాట తీరు పట్టుకోవాలని బయలుదేరాం. రూపాలకోసం లోపల చిన్న పట్టిక, ఒక్కో రూపం పక్కన ఒక వాక్యం పెట్టుకునే వీలు మాంగోడీబీలో చక్కగా ఉంది. సరిగ్గా ఆ సౌకర్యం కోసమే దాన్ని ఎంచుకున్నామని చెప్పుకుని, తీరా దాన్ని వాడుకోలేదు.

తేదీ సంగతి చెప్తే నవ్వుతారు. చెప్పినవారి పుట్టిన సంవత్సరానికి మాత్రం మొదటినుంచీ ఒక ఖానా ఉందట, పేరు లేకపోయినా. దాన్ని 'డేట్' అనే రకంగా పెట్టారు. నా పుస్తకాల్ని ఎక్సెల్‌లో కొట్టిన కుర్రాడు 1938 అని అంకె వేశాడు. జావాస్క్రిప్ట్‌కు ఉత్త అంకె ఇచ్చి తేదీ చేయమంటే, అది 1970 జనవరి 1 మొదలు అన్ని మిల్లీసెకన్లు అనుకుంటుంది. 1938 మిల్లీసెకన్లంటే రెండు సెకన్లు కూడా కాదు. అలా మా పెద్దమ్మ 1970 జనవరి 1న, మన గడియారం ప్రకారం తెల్లవారి ఐదున్నరకు పుట్టింది. ఆవిడ ఒక్కతే కాదు, నా పుస్తకాల్లో ఉన్న ముసలివాళ్ళంతా అదే ముహూర్తానికి పుట్టారు. మొదట నేనూ నవ్వాను. తరువాత ఆలోచిస్తే నవ్వు పోయింది. రేపు ఎవరో ఒక విద్యార్థి ఈ డేటా తీసుకుని, 1970లో పుట్టినవాళ్ళు కూడా చెన్నై చుట్టూ ఎనుము, మడక అనే అంటున్నారు, ఈ తెలుగు బలంగానే ఉంది అని రాస్తే? ఆ మాటలు మా తరానికే సగం పోయాయి. మామూలు అంకె ఖానా చాలు, పక్కన 'సుమారు' అని రాయడానికి ఇంకో చిన్న ఖానా. మన పెద్దల్లో చాలామందికి పుట్టినరోజు తెలియదు, ఏ తుఫానుకు ముందో తరువాతో తెలుసు.

'మాట' ఖానాను యూనిక్ చేశారు, అంటే ఒక మాట రెండుసార్లు రాకూడదు. దొడ్డి అంటే ఒకరికి పెరడు, ఇంకొకరికి పశువుల్ని కట్టేసే చోటు, మరొకరికి మర్యాదగా చెప్పిన మరుగుదొడ్డి. మొదటివారు ఎక్కించగానే తక్కిన ఇద్దరికీ తలుపు మూసుకుంది. మొదటివారు ఎక్కించిన కాగితంలో తమ అర్థం కలపవచ్చని వాళ్ళకు చెప్పేవారు లేరు. ఆనపకాయ, అనపకాయ ఇంకో ముచ్చట. ఒకటి సొరకాయ, రెండోది మన చిత్తూరు వైపు గింజలు ఒలుచుకునే చిక్కుడు జాతి. దీర్ఘం తప్పు పడిందనుకుని ఎవరో పుణ్యాత్ముడు రెండోదాన్ని దిద్దేశాడు.

ఇంత కట్టడి చేసినా నిజంగా ఒకటే అయిన మాటలు రెండుసార్లు వచ్చాయి. కారణం యూనికోడ్. ఐత్వాన్ని ఒకే గుర్తుగానూ రాయవచ్చు, ఎత్వం గుర్తు, కింద వచ్చే గుర్తు అని రెండు ముక్కలుగానూ రాయవచ్చు. తెర మీద రెండూ 'పైట'నే, లోపల రెండు వేరు మాటలు. పొల్లు తరువాత కొన్ని కీబోర్డులు కంటికి కనబడని ఒక అక్షరం కూడా చేరుస్తాయి. దానితోనూ ఇదే తంటా. మొదటిదానికి మందు జావాస్క్రిప్ట్‌లోనే 2015 నుంచి ఉంది, 'నార్మలైజ్' అని. స్కీమాలో ఒక పంక్తి. రెండోదానికి ఇంకో పంక్తి. వదిలేయవలసిన చోట పట్టుకున్నారు, పట్టుకోవలసిన చోట వదిలేశారు.

మెచ్చుకోవలసినవి లేవా అంటే ఉన్నాయి. ఉదాహరణ వాక్యాల్ని వేరే కలెక్షన్‌లో పెట్టి లంకె వేయకుండా మాట కాగితంలోనే ఉంచారు. మాట, వాక్యం విడిపోతే మాండలికం చచ్చిపోతుంది, ఆ ఇంగితం వాళ్ళకుంది. గొంతు రికార్డుల్ని మాత్రం బయట పెట్టి వాటి చిరునామానే లోపల ఉంచారు. ఒక డాక్యుమెంట్ 16 మెగాబైట్లు దాటకూడదు కాబట్టి అది సరైన పని. ఎవరు ఎప్పుడు దిద్దారన్నది కూడా నమోదవుతుంది. ఆ పుణ్యాత్ముణ్ణి పట్టుకున్నది దానివల్లనే. పైగా వీళ్ళంతా ఉద్యోగాలు చేసుకుంటూ, జీతం లేకుండా, శని ఆదివారాలు వెచ్చించి చేసిన పని ఇది. అందుకే పేర్లు రాయడం లేదు.

మేనల్లుడు ఊరుకోలేదు. "మామా, స్కీమా లేకుండా వదిలేస్తే ఏమవుతుందో మీరే చూడండి" అని, మొదటి నెలలో అడ్డూ అదుపూ లేకుండా ఎక్కించిన పాత సామాను తెరిచి చూపించాడు. నిజమే, సంత. 'వూరు', 'ఊరు', 'ఊరి పేరు', 'స్థలం' అని ఒకే ఖానాకు నాలుగు పేర్లు. ఒకరు మాట ఖానాలో ఏకంగా లాలిపాట మొత్తం ఎక్కించారు. వెతికితే ఏదీ దొరకదు. "పద్దులు లేని లెడ్జరు లెడ్జరేనా, మీరే చెప్పండి" అన్నాడు. నా మాటే నాకు అప్పజెప్పాడు. కాదనలేకపోయాను.

కానీ లెడ్జరులో పద్దులతోపాటు సస్పెన్స్ ఖాతా అని ఒకటుంటుంది. డబ్బు వచ్చింది, ఏ ఖాతాదో తెలియలేదు. పారేయం, ఎవరి ఖాతాలోనో వేసేయం. సస్పెన్స్‌లో వేసి, తేదీ రాసి, తెలిసినప్పుడు తీసి సరైన చోట జమ చేస్తాం. స్కీమాలో కూడా అలాంటిది పెట్టవచ్చు. మాంగూస్‌లో 'మిక్స్‌డ్' అనే రకం ఖానా ఒకటుంది, అందులో ఏమి వేసినా ఊరుకుంటుంది. 'తేలనివి' అని ఒక మిక్స్‌డ్ ఖానా, మనిషి మొదట టైపు చేసింది యథాతథంగా ఉంచే ఇంకో ఖానా, ఈ రెండూ చాలు. మాంగోడీబీలో సైతం 2015లో వచ్చిన 3.2 వెర్షన్ నుంచి స్కీమా నియమాలు డేటాబేస్‌కే అప్పజెప్పవచ్చు, నియమం తప్పితే ఆపమనీ చెప్పవచ్చు, హెచ్చరిక రాసుకుని లోపలికి రానివ్వమనీ చెప్పవచ్చు. మనకు కావలసింది రెండోది.

"ఆ సస్పెన్స్ రోజూ ఎవరు తేలుస్తారు మామా?" అన్నాడు వాడు. ఇది అసలైన ప్రశ్న. సస్పెన్స్ ఖాతా పెరిగిపోయి ఎవరూ చూడకపోతే ఏమవుతుందో నాకు తెలుసు, ఆడిట్‌లో నా తల వంగిన రోజు ఒకటుంది. పెన్షన్ తీసుకుంటున్నవాళ్ళం మనలో కనీసం పదిమందిమున్నాం. పొద్దున కాఫీకి, పేపరుకు మధ్య అరగంట. నేను బుధ, శుక్రవారాలు తీసుకుంటానని చెప్పాను. ఇంకా ఐదు రోజులు ఖాళీగా ఉన్నాయి.

ఆ సాయంత్రమే వాడు కుర్రాళ్ళతో మాట్లాడి స్ట్రిక్ట్ దగ్గర 'త్రో' అని మార్పించాడు, జిల్లా డిఫాల్ట్ తీయించాడు. మిగతావి వచ్చే నెల అన్నారు. బుధవారం రాత్రి తొమ్మిదింటికి నాకు ఫోను వచ్చింది. అంబత్తూరునుంచి ఒకాయన, కాస్త కోపంగానే ఉన్నారు. "ఏమండీ, మా అమ్మ చెప్పిన మాట ఎక్కిస్తా ఉంటే ఏందో ఎర్ర అక్షరాలు వస్తా ఉండాయి, చెప్పినవారు అనే ఖానా లేదంటా ఉంది!" అన్నారు. మాట ఏమిటో, అమ్మగారి పేరేమిటో చెప్పమని, నోటుపుస్తకం తీసి ఎర్ర ఇంకుతో రాసుకున్నాను.